ఎడమచేతి ముడులు

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా వదిన, అంటే మా ఆయన అక్క, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేస్తుండేది. ఫోనెత్తి హలో అనే ఉద్యోగమేమో అని చాలాకాలం అనుకున్నాను. కాదు, ఆమెది తీగలు కట్టే పని. పెద్ద చెక్కబల్ల నిండా మేకులు కొట్టి ఉంటాయి. ఆ మేకుల మధ్యనుంచి వందలాది సన్నని తీగలను వరసగా పరిచి, మైనం పట్టించిన దారంతో ముడులు వేసుకుంటూ పోయి అన్నిటినీ ఒకే కట్టగా చేయాలి. ఏ తీగ ఎక్కడ బయటికి రావాలో అక్కడే రావాలి. ఒక్కటి తప్పినా ఒకరింటికి చేసిన ఫోను ఇంకొకరింట్లో మోగుతుంది. కట్టడం అయ్యాక దాన్ని ఇనుపబీరువాలాంటి పెట్టెలో అమర్చి తలుపు మూసేస్తారు. ఇక దాని మొహం చూసే నాథుడుండడు.

ఏళ్ళ తరబడి దారం లాగి లాగి ఆమె చిటికెనవేలు మొదట్లో చిన్న గాడి పడింది. ఆమె వేసిన ముడి విప్పడం ఎవరి తరమూ కాదని ఎక్స్ఛేంజిలో వాళ్ళు ఆమెకు ‘బ్రహ్మముడి’ అని పేరు పెట్టారు. ఆమెకు పెళ్ళి కాలేదు. అమ్మానాన్నలు తొందరగా పోయారు. తమ్ముణ్ణి పెంచి ఒక దారిన పెట్టేసరికి ఆ ఊసెత్తేవాళ్ళే లేకపోయారు. ఆ పేరు తలుచుకుని ముందు ఆమే నవ్వేది. “ఊరందరికీ వేశాను, నాకు మాత్రం ఒక్కటీ పడలేదు” అనేది. ఆ నవ్వు వెనక ఇంకేమైనా ఉందా అని కొత్తలో వెతికేదాన్ని. తర్వాత మానేశాను. ఉన్నా మనకు చూపించే మనిషి కాదు.

ఎక్స్ఛేంజిలోకి కొత్త యంత్రాలు వచ్చినప్పుడు పాతవాటిని విప్పేసే పనికి ఆమెనే దగ్గరుండమన్నారు. మనుషులు కటింగ్ ప్లయర్లు పట్టుకొచ్చి కట్టలన్నీ టకటకా కోసి, రాగి కోసం గోతాల్లో కుక్కారట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. “ఇన్నేళ్ళకు తలుపు తీసి చూశారు, కోయడానికి.” అంతే. ఆ తర్వాత ఆమెను బిల్లులు కట్టించుకునే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. అక్కడే రిటైరయింది.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నా వంటింటి మీద పడింది. బియ్యం సంచికి ఆమె ముడి వేస్తే నేను కత్తెరతో కోసి, ముక్కలు ఆమె కంట పడకుండా పారేసేదాన్ని. చీపురు పుల్లలు ఊడిపోతున్నాయని దానికి పైనుంచి కిందిదాకా కట్టు కట్టింది. చీపురు విల్లులా బిగుసుకుపోయి ఊడవడం మానేసింది. నాకూ ఆమెకూ పోట్లాటలు లేవు గానీ, ఒకే గదిలో ఇద్దరం తిరుగుతుంటే ఎవరో ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగులుతూనే ఉండేది.

మేముండేది మేడ మీద. కింద మా ఆయన షెడ్డు. కార్లకు కరెంటు పని చేస్తారు. బ్యాటరీలు, డైనమోలు, దీపాలు, హారన్లు అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. ఒకరోజు పళ్ళ డాక్టరుగారొకరు ఓ పాత కారును తాళ్ళు కట్టించి లాగించుకొచ్చారు. మా ఆయన కూడా పుట్టకముందు తయారైన కారది. డాక్టరుగారి తల్లి స్వయంగా నడిపేదట. ఆయన చిన్నప్పుడు వెనకసీట్లో పడుకుని నిద్రపోతూ బడికి వెళ్ళేవారట. తల్లి పోయాక కొన్నేళ్ళు అలాగే మూలపడి ఉంది. పైకి ఏమీ మారకూడదు, లోపల మాత్రం భయం లేకుండా నడపగలిగేలా ఉండాలి అన్నారు. ఆ కారు బ్యాటరీ ఆరు వోల్టులది. హెడ్‌లైట్లు వేస్తే వెలిగాయో లేదో దిగి చూసుకోవాల్సిందే. దాన్ని పన్నెండుకు మార్చాలి, డైనమో తీసి దాని బదులు కొత్తరకం ఆల్టర్నేటర్ పెట్టాలి, ఫ్యూజులు పెట్టాలి, అన్నిటికన్నా ముందు తీగలన్నీ మార్చాలి. పాత తీగలకు బట్ట చుట్టి ఉంది. వేలితో వంచితే లోపలి రబ్బరు పొడిపొడిగా రాలిపోతోంది.

మా ఆయన ఆ తీగల కట్టను మొత్తం బయటికి పీకి నేల మీద పడేశారు. ముక్కలు చేసి అవతల పారేసి, కొత్త తీగలు లాగి, టేపు చుట్టి, ప్లాస్టిక్ పట్టీలు బిగిస్తే పనైపోతుందని ఆయన లెక్క. అప్పుడే వదిన ఆయన్ని భోజనానికి పిలవడానికి కిందికి వెళ్ళింది.

“ఒరే, కొయ్యకు” అంది.

తర్వాత ఏమైందో నేను చూడలేదు. అన్నం చల్లారిపోతోందని దిగి వెళ్తే, అక్కాతమ్ముళ్ళిద్దరూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆమె ఒడిలో ఆ మసిపట్టిన కట్ట ఉంది. “ఇది దారంతో కట్టింది” అంది నాతో. ఆ కారుకు కట్టిన మనిషీ ఆమెలాగే మేకుల బల్ల ముందు నిలబడి కట్టారన్నమాట.

మర్నాటినుంచి వదిన మకాం షెడ్డులోకి మారింది. ఓ పాత తలుపుచెక్కను రెండు డ్రమ్ముల మీద పెట్టించి, పాత కట్టను కారులో ఎలా ఉండేదో అలా దాని మీద పరిచి, మలుపు ఉన్నచోటల్లా మేకు కొట్టింది. మా ఆయన మొదట్లో సణిగారు. టేపుతో రెండు పూటల్లో అయ్యే పనికి ఇంత తతంగమా అని. డాక్టరుగారిని అడిగితే ఆయన తొందరేమీ లేదన్నారు.

ఒకనాడు టీ తీసుకుని వెళ్తే వదిన భూతద్దంలోంచి ఒక ముడిని చూస్తూ ఉంది.

“ఈమెది ఎడమచేతివాటం” అంది తలెత్తకుండానే.

“ఎవరిది వదినా?”

“ఇది కట్టినామెది.”

కుడిచేత్తో కట్టినవాళ్ళ ముడి ఒక పక్కకు తిరిగి ఉంటుందట, ఇక్కడ మొదటినుంచి చివరిదాకా అన్నీ రెండోపక్కకు తిరిగి ఉన్నాయట. తన చేత్తో ఒక ముడి వేసి పక్కన పెట్టి చూపించింది. నిజమే, అద్దంలో బొమ్మలా ఉన్నాయి.

“ఆమె అని ఎలా చెప్తారు? అతను కాకూడదా?” అన్నాను.

భూతద్దం పక్కన పెట్టింది. “కావచ్చు. నాకు ఆమె అనే అనిపిస్తోంది. నువ్వు అడ్డుపడకు.”

ఆనాటినుంచి మా ఇంట్లో ‘ఆవిడ’ ఒకరు చేరారు. భోజనాల దగ్గర రోజూ ఆవిడ కబుర్లే. ఆవిడకు దారం వృథా చేయడం ఇష్టముండదు. ఆవిడ ముడి బిగించాక వేలితో ఒకసారి నొక్కుతుంది, మైనం మీద అచ్చు పడింది. స్టీరింగు దగ్గర ముడులు ఒత్తుగా, ఒద్దికగా ఉన్నాయి. వెనకదీపాల దగ్గరికి వచ్చేసరికి ఎడమెడంగా పడ్డాయి, ఇంటికెళ్ళే వేళయి ఉంటుంది. “ఆవిడకి పిల్లలెంతమందో కూడా చెప్పేట్టున్నావే అక్కా” అన్నారు మా ఆయన. “ముడుల్లో అది తెలీదు” అని వదిన చాలా మామూలుగా జవాబిచ్చింది.

నేను గిన్నెలు తోముకుంటూ అదే ఆలోచించాను. ఎక్స్ఛేంజిలో ఎంతోమందితో కలిసి పనిచేసిన మనిషి, వాళ్ళలో ఒక్కరి గురించీ ఇంట్లో ఇంతగా మాట్లాడలేదు. ఎవరి బల్ల వాళ్ళది, ఎవరి వంతు వాళ్ళది; పక్కవాళ్ళ పనిని నిలబడి చూసే తీరిక ఎక్కడిది? పనిలో తనకు సాటి అయిన మనిషి ఒకరు ఆమెకు ఇప్పుడు దొరికారు. పేరు తెలీదు, ఊరు తెలీదు, ఉన్నారో లేరో కూడా తెలీదు.

కొత్త కట్ట తయారై కారులో చేరింది. సాయంత్రం డాక్టరుగారు వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. మా ఆయన హెడ్‌లైట్లు వేయమన్నారు. ఆయన మీట లాగారు. దీపాలు వెలగలేదు సరికదా, కారు గుండెలు అదిరిపోయేలా అరిచింది. మీట వెనక్కి నెట్టేదాకా ఆగలేదు. ఈసారి హారన్ నొక్కమంటే నొక్కారు. చప్పుడు లేదు; ఎదురుగోడ మీద మాత్రం రెండు దీపాలు దేదీప్యమానంగా వెలిగాయి.

డాక్టరుగారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. “మా అమ్మ దీపాలకన్నా హారనే ఎక్కువ వాడేదండీ. కారుకు గుర్తున్నట్టుంది” అన్నారు. మా ఆయనా నవ్వారు. నేనూ నవ్వాను. వదిన నవ్వలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి, పాత కట్టను దీపం కిందికి లాక్కుని కూర్చుంది.

డాక్టరుగారు వెళ్ళిపోయాక మమ్మల్ని పిలిచి చూపించింది. ఇంజను వెనకుండే రేకులో చిన్న కన్నం ఉంటుంది, తీగలన్నీ ముందుకు వెళ్ళేది అందులోంచే. ఆ కన్నం దగ్గర దీపాల తీగ, హారన్ తీగ రెండూ ఒకే లావు; రెండిటి రంగూ వెలిసిపోయి టీ మరకలా తయారైంది. ఎడమచేతివాటం మనిషి తీగలు పేర్చేది కుడినుంచి ఎడమకు. వదిన తన అలవాటు చొప్పున ఎడమనుంచి కుడికి లెక్కపెట్టింది. అక్కడ ఆ రెండూ తారుమారయ్యాయి.

“ఇన్నాళ్ళూ ఆవిడ చెయ్యి తెలుసనుకున్నాను. ఆ ఒక్కచోట నా చెయ్యే ముందుకెళ్ళింది” అంది.

“దానికేముంది అక్కా, లోపల మీటల దగ్గర రెండు కొసలూ అటుదిటు మార్చేస్తే సరిపోయె. చిటికెలో పని” అన్నారు మా ఆయన.

“దీపాలది నీలం తీగ, హారన్‌ది ఊదా. ఈ కారు తీగల పటంలో అలానే ఉంది.”

“రంగులు ఎవరు చూస్తారే?”

“ఇవాళ మనకు తెలుసు. రేపు ఇంకొకరు విప్పి చూస్తే వాళ్ళకెవరు చెప్తారు?”

కట్టను మళ్ళీ బయటికి తీయాలి, ముందువైపు సగం ముడులన్నీ కోసేయాలి. తను కోస్తానని మా ఆయన ప్లయర్ అందుకుంటే వదిన ఆయన చేతిలోంచి లాగేసుకుంది.

నాకు ఎక్స్ఛేంజిలో జరిగింది గుర్తొచ్చి, ఆమె పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. ఏడుస్తుందేమోనని నా భయం. ఆమె మాత్రం చిక్కుడుకాయలకు ఈనెలు తీసినట్టు ఒక్కో ముడీ కోసి పక్కన పడేస్తూ పోయింది. ఆఖరికి నేనే ఉండబట్టలేక బాధగా లేదా అని అడిగాను.

“ఎందుకు? మళ్ళీ కట్టడానికేగా” అంది. ఇంకో ముడి కోసి, “అప్పుడు కోసినవాళ్ళకు ఏం కోస్తున్నారో తెలీదు. నాకు తెలుసు కదా” అంది.

ఆ మాట తర్వాత నాకు ఆమెను ఓదార్చాలనే ఆలోచన పోయింది. కోసిన దారపు ముక్కలు ఏరి డబ్బాలో వేస్తూ కూర్చున్నాను. ఇద్దరం అంతసేపు ఒక్కచోట, మోచేతులు తగలకుండా కూర్చోవడం అదే మొదలనుకుంటాను.

రెండోసారి కట్టినప్పుడు ఆమె చెయ్యి తొందరపడలేదు. కన్నం దగ్గరికి రాగానే ఆగి, పాతదాన్ని చూసి, దీన్ని చూసి, మళ్ళీ పాతదాన్ని చూసి, ఆపైన బిగించింది. ఈసారి దీపాలు దీపాల్లా వెలిగాయి, హారన్ హారన్‌లా మోగింది. పాత కట్టను ఏం చేయమంటావని మా ఆయన జాగ్రత్తగా అడిగారు. దాచుకుంటుందనే మేమిద్దరం అనుకున్నాం. “పాత సామాన్లవాడికి వేసెయ్. చూసేశాంగా” అంది.

కారు తీసుకెళ్ళడానికి వచ్చిన రోజున డాక్టరుగారు మీటలన్నీ నొక్కి చూసుకున్నారు. మా ఆయనకు అక్క పని చూపించాలని ఒకటే ఆరాటం. కానీ చూపించడానికి ఏముంది, అంతా రేకుల వెనక ఉంది. “వద్దులేరా” అని వదిన కసిరింది. డాక్టరుగారు మాత్రం చొక్కా జేబులోంచి పళ్ళు చూసే చిన్న అద్దం తీసి, టార్చి అడిగి తీసుకుని, సీటు మీద వెల్లకిలా పడుకుని స్టీరింగు కిందికి తల దూర్చారు. చాలాసేపు బయటికి రాలేదు. ఆయన బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. వదినకు ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చి, పరాయివాళ్ళు తన బట్టల బీరువా తెరిచినట్టు అటూ ఇటూ కదిలింది.

“ఇక్కడొక ముడి తిరగబడి ఉందేంటమ్మా? మిగతావన్నీ ఒక పక్కకు, ఇదొక్కటే ఇంకో పక్కకు” అని వినిపించింది లోపలినుంచి.

“అది ఎడమచేత్తో వేశానండీ” అంది వదిన.

మా ఆయన నావైపు చూశారు. ఇంత పట్టుదలగా కట్టిన కట్టలో ఆమె కావాలని రెండో చేత్తో వేసిన ముడి ఒకటుందని మాకూ తెలీదు.

డాక్టరుగారు దుమ్ము దులుపుకుని లేచి, ముందుసీటు తలుపు తీసి పట్టుకుని, మీరు ఎక్కకపోతే నేను కదలనన్నారు. ఆమె పమిట సర్దుకుని ఎక్కింది. ఇంకా పొద్దు పూర్తిగా వాలలేదు, అయినా ఆయన హెడ్‌లైట్లు వేసుకునే వీధి చివరిదాకా వెళ్ళారు. మలుపు దగ్గర ఒకసారి హారన్ మోగింది. అవసరం లేదక్కడ, అడ్డమెవరూ లేరు.

ఇప్పుడు షెడ్డులో వదినకంటూ ఒక బల్ల ఉంది. పాత బళ్ళున్నవాళ్ళు ఒకరిని చూసి ఒకరు వస్తున్నారు. ఓపిక ఉంటే ఒప్పుకుంటుంది, లేకపోతే టేపు చుట్టించుకుపొమ్మంటుంది. ఆ సాయంత్రం కారు దిగి వచ్చాక, ఎలా ఉంది వదినా అని నేను ఆత్రంగా అడిగితే, ఆమె నడుం పట్టుకుని మెట్ల మీద కూర్చుంది.

“తీగల సంగతి సరే. సీటు స్ప్రింగులు వీపులో గుచ్చుకుంటున్నాయి. వాటిని సరిచేసేవాళ్ళెవరైనా ఉంటే డాక్టరుగారికి చెప్పమను మీ ఆయన్ని” అంది.