మన ముగ్గురి నోళ్లలో దాచిన పాట

మా అన్న పాటను అతని పాత స్నేహితుడే దొంగిలించాడు. ఒకప్పుడు మా వసారాలో ఆ పాటకు హార్మోనియం వాయించినవాడు, ఇప్పుడు పేరుమోసిన సంగీత దర్శకుడు, దాన్ని తన పేరుతో రికార్డు వేసుకున్నాడు. దోపిడీ అంటే ఏమిటో ఇన్నాళ్లూ కరపత్రాల్లో చదివాను. నిన్న పురసవాక్కం రేడియో షాపు ముందు ఆ రికార్డులో దాన్ని చెవులారా విన్నాను.

మునెమ్మా, దేవదానం, చిన్నప్పుడు మనం ఇరుగుపొరుగున ఉన్న చింతాద్రిపేటలో మగ్గాల గంజి వాసన గుర్తుందా? కూలివాళ్ల పాటలు రాసేవాళ్ల ఇళ్లను పోలీసులు సోదా చేస్తున్న రోజులవి.

"కాగితం ఈడ దొరికితే నిన్ను తీసకపోతారు అబ్బయ్యా! పిల్లోళ్ల నోట పెట్టు," అంది అమ్మ.

అన్న రాసిందంతా పొయ్యిలో వేసి, మనకు తలా ఒక చరణం నేర్పాడు.

సోదాకొచ్చిన పోలీసు నా గడ్డం పట్టుకున్నాడు. "ఏం పాపా, నోట్లో మిఠాయి దాచిపెట్టుకోనుండావా?"

పాట జారిపోతుందేమోనని పళ్లు బిగించాను. లంగా తడిసిపోయింది.

ఈరోజు అన్న దగ్గర రుజువుగా చిత్తుకాగితమైనా లేదు. రికార్డులో నా చరణం ఒక్కటే ఉంది. మీ ఇద్దరివీ ఆ దొంగకు గుర్తు లేవు; పాట అన్నదేననడానికి అవే రుజువు. మీకూ గుర్తు లేకపోతే? ఆ భయంతో నాకు నిద్ర లేదు.

ఆదివారం సాయంత్రం ఐదింటికి మా వసారాకు రండి. గొంతు వణికినా సరే, ఎవరి చరణం వాళ్లు పాడాలి.