తలుపు ఏ పక్క తెరుచుకుంటుందో చెప్పే సాఫ్ట్‌వేర్

కరోనా సద్దుమణిగాక వచ్చిన మొదటి జూలైలో నాకొక వింత పని తగిలింది. అప్పటికి నా ఆఫీసు పంజాగుట్టలో ఒక మిఠాయి దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉండేది. బోర్డు మీద ఆదాయపు పన్ను సలహాదారు అని రాసి ఉండేది. హోదాలో మేము చార్టర్డ్ అకౌంటెంట్ల కంటే ఒక మెట్టు కింద. ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే అధికారం మాకు లేదు. రిటర్నులు నింపడం, నోటీసులకు జవాబులు రాయడం, అవసరమైతే క్లయింటు తరఫున ఆఫీసరు ముందు మాట్లాడటం మా పని. తెనాలి నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో మొదలుపెట్టాను. మోకాళ్లు ఇక మెట్లెక్కం అనేదాకా చేశాను.

జూలై మాకు పంట నూర్పిళ్ల నెల. ఉద్యోగులు, పెన్షనర్లు నెలాఖరులోగా రిటర్ను వేయాలి. ఆ నెల్లో నన్ను పలకరించాలంటే మా ఇంట్లోవాళ్లు కూడా టోకెన్ తీసుకోవాలి. అలాంటి రోజుల్లో యాదగిరి గారు వచ్చి, ఈ ఏడాది తన రిటర్ను తానే వేసుకుంటానని, అందుకు ఏ సాఫ్ట్‌వేర్ బాగుంటుందో నన్నే చూసిపెట్టమని అడిగారు.

"కూర్చున్న కొమ్మను నన్నే నరుక్కోమంటున్నారా యాదగిరి గారూ?" అన్నాను.

"గొడ్డలి సుత మీరే ఇయ్యాలె మేడం" అన్నారాయన, నవ్వుతూ.

యాదగిరి గారికి పుట్టుకతోనే చూపు లేదు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఇల్లు. రిటర్నులు కాగితం మీద వేసే కాలం నుంచీ నా క్లయింటు. సంతకం ఎక్కడ పెట్టాలో చేతికి తెలియడానికి మిఠాయి డబ్బా మూతలోంచి ఒక అట్టముక్క కత్తిరించి, మధ్యలో సన్నగా సందు చేసి, నా సొరుగులో ఉంచుకున్నాను. ఆ సందులో ఆయన తన పేరు తెలుగులో పొందిగ్గా రాసేవారు. తర్వాత అంతా ఆన్‌లైన్ అయింది. సంతకం పోయి ఓటీపీ వచ్చింది.

మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. క్లయింటు పాస్‌వర్డు మేమే పెడతాం, మేమే గుర్తుంచుకుంటాం. ఓటీపీ రాగానే ఫోన్ చేసి అడుగుతాం, వాళ్లు చెబుతారు, పని అయిపోతుంది. తన రిటర్నులో ఏం రాశారో క్లయింటుకు తెలియదు, చాలామందికి తెలుసుకోవాలనీ ఉండదు. రిఫండ్ ఎప్పుడొస్తుందన్నదే ప్రశ్న.

మరి ఈయనకెందుకు ఈ పట్టుదల అని అడిగాను. రిటర్ను చివర ఒక చిన్న పేరా ఉంటుంది, దాన్ని సత్యాపన అంటాం. ఫలానావారి కుమారుడు ఫలానా అయిన నేను, ఇందులో రాసినదంతా నాకు తెలిసినంతలో నిజమని ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను అన్నది దాని సారాంశం.

"గా మాట కింద ఇన్నేండ్ల సంది సంతకం వెడుతున్న మేడం. ఒక్కసారి సుత ఇనలేదు. మీ మీద నమ్మకం లేక గాదు, మీరు నిజమే రాస్తరు. గని ప్రమాణం నాది గద! ఇనకుండ ప్రమాణం ఎట్ల జేస్త?" అన్నారు.

కింది నుంచి టీ తెప్పించాను.

కంప్యూటర్ ఆయనకు కొత్త కాదు. ఊరందరికీ కంప్యూటర్ నేర్పే వీధి వెనకే కాపురముంటూ నేర్చుకోకపోతే ఎట్లా అని, రిటైరయ్యాక ఒక సెంటర్లో చేరారు. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆయన ల్యాప్‌టాప్‌లో ఉంది. మౌస్‌తో పనిలేకుండా, మీటలు నొక్కుతూ ఒక గడి నుంచి ఇంకో గడికి వెళతారు. వెళ్లిన ప్రతి గడి పేరూ అది చెవిలో చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు అక్కడ గోడే.

ఎవరైనా పన్ను సాఫ్ట్‌వేర్ గురించి అడిగితే నేను చూసేవి వేరు: ధర ఎంత, యజమాని ఇచ్చిన ఫారాన్ని తనంతట తానే చదువుకుంటుందా, ఏ పద్ధతిలో పన్ను తగ్గుతుందో పోల్చి చూపిస్తుందా. మీకేం కావాలని ఈయన్ని అడిగితే ఇవేవీ చెప్పలేదు.

"మెట్రో లెక్క ఉండాలె మేడం. అమీర్‌పేటల ఎక్కుత. అచ్చేది పంజాగుట్ట అని చెప్తది. తలుపులు ఏ దిక్కు తెరుస్తయో సుత చెప్తది. ఇగ నాకేం ఫికర్? బస్సుల గట్ల గాదు. పక్కోన్ని అడగాలె, వాడేమో ఫోన్ల ఉంటడు."

ఆదివారాలు మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని పరీక్షలు మొదలుపెట్టాం. ల్యాప్‌టాప్ తెర వెలుగు పూర్తిగా తగ్గించేశాను. ఆయన వినేదే నేనూ వినాలని.

మొదట నా ఆఫీసులో వాడేదాన్నే పెట్టాను. ఏళ్ల తరబడి దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగాను. చీకటి తెర మీద అది "బటన్... బటన్... బటన్..." అంటూ పోయింది. బొమ్మలే తప్ప వాటికి పేర్లు పెట్టలేదు మరి.

"గిది పెండ్లికొచ్చిన సుట్టాల లెక్కుంది మేడం. అందరున్నరు, ఎవలెవలో చెప్పెటోడు లేడు" అన్నారు. నవ్వాను గాని, లోపల కాస్త చివుక్కుమంది. మన కోడి కుంటిదైనా మనకు ముద్దే.

తరువాతి ఆదివారం ఇంకో కంపెనీది చూశాం. అది ఒక్కో ప్రశ్న అడుగుతూ తీసుకుపోయే రకం. గడులకు పేర్లున్నాయి, మాట స్పష్టంగా ఉంది. ఇద్దరం సంబరపడ్డాం. కాని అంకె తప్పు పడితే గడి ఎర్రబడుతుందే తప్ప మాటల్లో చెప్పదు. అన్నీ నిదానంగా విని నింపేసరికి, ఎవరూ లేరనుకుని అదే తలుపు మూసేసుకుంటుంది. మళ్లీ మొదటి నుంచి. అయినా ఓపిక పట్టాం. అప్పుడొచ్చింది ఆ ప్రశ్న: మీ మీద ఆధారపడినవారిలో వికలాంగులు ఎవరైనా ఉన్నారా?

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. వైకల్యానికి చట్టంలో రెండు వేరువేరు మినహాయింపులు ఉన్నాయి. పన్ను కట్టే మనిషికే వైకల్యం ఉంటే ఒక సెక్షను, అతని మీద ఆధారపడినవారికి ఉంటే ఇంకొకటి. ఆ సాఫ్ట్‌వేర్ రెండోది మాత్రమే అడిగింది. మొదటిది ఎక్కడో 'ఇతరములు' అన్న మూటలో కుక్కారు.

యాదగిరి గారి వేళ్లు మీటల మీంచి పైకి లేచాయి.

"నేనెవల మీద ఆధారపడ్డ మేడం? నా జీతం మీద ఇద్దరు తమ్ముండ్లు సదివిండ్రు. గిది జేసినోళ్లల్ల ఒక్కనికన్న, గుడ్డోడు సుత పన్ను కడుతడని తోచలేదా?"

గొంతు పెద్దది చేయలేదు. టెలిఫోన్లో 'లైన్ బిజీగా ఉంది' అని చెప్పినంత మామూలుగా అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ రాత్రే ఆ కంపెనీకి ఘాటుగా ఒక ఉత్తరం కొట్టాను. మీ సూచన మాకు అమూల్యం అని జవాబొచ్చింది. ఆ అమూల్యాన్ని ఏం చేసుకున్నారో నాకు తెలియదు.

గడువు దగ్గర పడింది. చివరి ఆదివారం వచ్చేసరికి ఆయన ఆశ వదులుకున్నట్టున్నారు. "ఈసారికి మీరే వేసెయ్యుండ్రి మేడం. జర మీ సీజన్ ఖరాబ్ జేసిన" అన్నారు. ఆ మాట విన్నాక ఇక నేను వదిలే ప్రశ్నే లేదు. అప్పటిదాకా మేం ముట్టుకోనిది ఒకటుంది. ఉచితంగా దొరికేది, నోటీసు బోర్డు మీద పాత కాగితంలా వెలిసిపోయి కనిపించేది. చూడటానికి బాగాలేదని నేనే దాన్ని పక్కన పెట్టాను. చీకట్లో అందం ఎవరికి కావాలి?

తెర ఆర్పి దాన్ని తెరిచాం. ఎన్నో పేజీలో ఉన్నారో చెప్పింది. ప్రతి గడి పేరూ చెప్పింది. పెన్షన్ వేయాల్సిన చోట ఆయన ఒక సున్నా ఎక్కువ కొడితే, ఫలానా గడిలో అంకె సరిపోలడం లేదని మాటల్లోనే చెప్పింది. ఎంతసేపు ఆగినా తలుపు మూసుకోలేదు. పన్ను కట్టే మనిషి సొంత వైకల్యానికి విడిగా గడి ఉంది. ఆ గడి పేరు ఆయన మళ్లీ ఒకసారి చదివించుకుని విన్నారు.

నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వేళ్లు ఒకటే దురద. వడ్డీ దగ్గరికొచ్చేసరికి ఉండబట్టలేక "అక్కడ కాదండీ" అన్నాను.

"ఆగుండ్రి మేడం, స్టేషన్ రానియ్యుండ్రి" అన్నారు. తర్వాత గడే వడ్డీది.

చివరికి సత్యాపన వచ్చింది. యాదగిరి గారు కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డారు. ప్రమాణం కూర్చుని వినేది కాదు కదా. నేనూ లేచాను. యంత్రం తన పరాయి యాసలో మల్లయ్య కుమారుడు యాదగిరి అని మొదలుపెట్టి చివరిదాకా చదివింది. కింద మిఠాయి దుకాణంలో ఎవరో బేరమాడుతున్నారు. ఆయన తల కొంచెం వంచి విన్నారు.

"మా నాయన పేరు సుత ఉంటదా మేడం ఇండ్ల?" అన్నారు.

"ప్రతి ఏడాదీ ఉందండీ" అన్నాను.

కూర్చుని మీట నొక్కారు. ఫోన్ ఓటీపీ అంకెలు చదివింది. అలవాటు చొప్పున "రాసుకోండ్రి మేడం" అని మొదలుపెట్టి, టక్కున ఆగి, పడీపడీ నవ్వి, ఆ అంకెలు తనే కొట్టుకున్నారు. వెళ్లేముందు పాస్‌వర్డు మార్చుకోమన్నాను. కిటికీ వైపు తిరిగి నిలబడి, ఇక కానివ్వండి అన్నాను. మాట ఎటు నుంచి వచ్చిందో పట్టేసినట్టున్నారు, "మీరు తిరగకున్నా ఫరవాలేకుండె" అన్నారు.

మరుసటి జూలైలో ఆయన రాలేదు. నెల మధ్యలో ఫోన్ మోగింది. రిటర్ను వేసేశానని, ఈసారి ఇంట్లో అందరూ నిలబడి విన్నారని చెప్పి పెట్టేశారు. క్లయింటు చేజారితే మా వృత్తిలో దాన్ని నష్టమంటారు. నేను ఆ పూట కింది నుంచి మైసూర్‌పాక్ తెప్పించుకున్నాను.

పన్ను సాఫ్ట్‌వేర్ ఏది మంచిదని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు. పేర్లు చెప్పను, అవి ఏటా మారతాయి. ధర తర్వాత చూడండి, సొగసు అసలు చూడకండి. మీరెక్కడున్నారో, ముందేం రాబోతుందో, తలుపు ఏ పక్క తెరుచుకుంటుందో అది చెబుతోందా అన్నది చూడండి. చివరి పేరా వచ్చినప్పుడు ఆగి, పూర్తిగా విని, ఆ తర్వాతే నొక్కండి. ప్రమాణం మీది.