ఊరంతా కలిసి రాసిచ్చిన పేర్లు

రోలండ్ హెరన్‌కి కానిస్టేబుల్ గిరీ మీద ఏనాడూ మోజు లేదు. మా ఊరు స్టేన్‌బెక్‌లో అది ఇంటి వరసన తిరుగుతుంది, ఏడాదికో ఇల్లు. తప్పించుకుందామంటే పక్కింటివాడు ఊరుకోడు. రోలండ్ ఇళ్ళకు గడ్డి కప్పు వేసే మనిషి. పొద్దస్తమానం పైనే ఉంటాడు, కిందికి దిగితే నోట్లోంచి మాట రాదు. అలాంటివాడి వంతు సరిగ్గా ఆ పాడు సంవత్సరమే వచ్చింది. ఖర్మ కాకపోతే ఏంటి?

ఆ నవంబరులో మా ఉత్తరాది దొరలిద్దరు రాణి మీద తిరగబడ్డారు. రాణి మాన్పించిన పాత లాటిన్ పూజలు మళ్ళీ తెస్తామన్నారు. చర్చిలో కొత్త ఇంగ్లీషు పుస్తకాలు తగలబెట్టి, లాటిన్‌లో పూజ చేయిస్తే ముసలమ్మలు సంతోషం పట్టలేక ఏడ్చారు. మా ఊళ్ళోంచి పదిమంది ఆ దొరల వెనకాల వెళ్ళారు. ఏం పొడిచారు? బురదలో నడిచారు, పస్తులు పడుకున్నారు. కత్తి దూసినవాడు ఒక్కడు లేడు. రాణి సైన్యం వస్తోందనగానే దొరలు గుర్రాలెక్కి స్కాట్లండులోకి ఉడాయించారు. గుర్రాలు లేనివాళ్ళు కాళ్ళీడ్చుకుంటూ ఇళ్ళకొచ్చారు.

ఆ పదిమందిలో నినియన్ ఒకడు. రోలండ్ భార్య సిసిలీకి తమ్ముడు. ఆరేళ్ళప్పుడు తల్లి పోతే సిసిలీ పెళ్ళై వస్తూ వాణ్ణి కూడా వెంటపెట్టుకొచ్చింది. రోలండ్‌కి పిల్లల్లేరు. వాణ్ణే కొడుకులా పెంచాడు. ఇరవై నాలుగేళ్ళొచ్చినా వాడికి ఒక మగ్గం తప్ప ఏమీ లేదు. భూమి సెంటు లేదు గానీ నోరు మాత్రం ఎకరం.

"ఏం ఘనకార్యం చేసొచ్చావురా?" అన్నాడు రోలండ్, వాడు గుమ్మంలో అడుగు పెట్టగానే.

"ఐదు వారాలు చలికి వణికొచ్చాను బావా. నా వణుకు చూసి రాణి హడలిపోయుంటుంది."

సిసిలీ ఏడుస్తూనే గరిటెతో వాడి వీపు మీద ఒక్కటిచ్చి, ఓట్స్ జావ పోసింది.

జనవరిలో హుకుం వచ్చింది. ఏ ఊళ్ళో ఎవరెవరు వెళ్ళారో కానిస్టేబులే పేర్లు రాయించి, గురువారంలోగా సంత ఊళ్ళో ఉన్న రాణిగారి అధికారికి ఇవ్వాలి. దాచితే కానిస్టేబుల్ మెడకే తాడు.

రోలండ్ రెండు రోజులు తిండి ముట్టలేదు. మూడో రోజు మార్జరీ బీరు కొట్లో ఊరివాళ్ళందరినీ కూర్చోబెట్టాడు. జన్మలో అంతసేపు మాట్లాడి ఎరగడు పాపం.

"మనకి ఒక పద్ధతుంది. దొరగారి జింకల తోట కంచె పీకేసినప్పుడు ఏం చేశాం? పీకింది ముగ్గురు. కచేరీలో ఊరి మగాళ్ళం నలభైమందిమీ లేచి 'నేనే పీకాను' అన్నాం. దొరగారి దివాను నవ్వేసి, తలా రెండు పెన్నీలు జరిమానా వేసి పొమ్మన్నాడు. ఇప్పుడూ అంతే. పదిమందినైతే పట్టుకుంటారు. నలభైమందిని ఏం చేస్తారు? ఊరంతా ఉరి తీస్తే రాణి పొలాలు ఎవడు దున్నుతాడు?"

ముందుగా లేచింది పెర్సివల్ గార్త్. అరవై ఎకరాల ఆసామి. "నా పేరే మొదట రాయండి" అన్నాడు. ఆసామే రాయించుకున్నాక మిగతావాళ్ళు ఆగుతారా? అందరూ రాయించారు. గొర్రెలు కాసే కిట్ తాత అరవయ్యేళ్ళ మనిషి, ఊరి వాగు దాటి ఎరగడు. కర్ర తాటిస్తూ వచ్చి, "నా పేరూ రాయండ్రా. నాకంటే పెద్ద తిరుగుబాటుదారుడు మీలో ఎవడురా?" అంటే కొట్టంతా పగలబడి నవ్వింది. నినియన్ మాత్రం, "బావా, చెయ్యని పని వీళ్ళని నెత్తిన వేసుకోమనడం ఎందుకు, మేం పదిమందిమీ చాలమా?" అన్నాడు. "నువ్వు నోర్ముయ్" అన్నాడు రోలండ్.

సంత ఊళ్ళో ఆ కాగితం అందుకున్నవాడు ఒక గుమాస్తా. లండన్ మనిషి. మా చలి పడక ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"నలభైయా! శభాష్. ఇంత నిజాయితీగా ఏ ఊరూ రాసివ్వలేదయ్యా."

"అందరికీ తలా కాస్త జరిమానా వేస్తారా బాబూ?" అన్నాడు రోలండ్.

"జరిమానాలు భూమి ఉన్నవాళ్ళకి. వాళ్ళని చంపితే రాణిగారికేం వస్తుంది? కట్టాల్సింది కట్టి క్షమాపణ కొనుక్కుంటారు. లేనివాళ్ళ దగ్గర మెడ తప్ప ఏముంది? ఐదుగురికి ఒకడు. నలభైకి ఎనిమిది. మీ ఊళ్ళో భూమి లేనివాళ్ళెందరు?"

"పదకొండు మంది" అంది రోలండ్ నోరు, వాడి ప్రమేయం లేకుండానే.

"వాళ్ళలోంచి ఎనిమిది పేర్లు చెప్పు. వాళ్ళ మొహాలు నేనెరుగుదునా?"

అప్పుడర్థమైంది వాడికి ఏం చేశాడో. 'అయ్యా, అబద్ధం రాశాం, వెళ్ళింది పదిమందే' అనొచ్చు. పదికి ఇద్దరు. కానీ ఆ పదిమందిలో భూమి లేనివాళ్ళు ఇద్దరే, అందులో నినియన్ ఒకడు. ఇద్దరూ పోవాల్సిందే, అంటే నినియన్ పోయినట్టే. అబద్ధం అలాగే ఉంచితే పదకొండు మందిలో ముగ్గురు మిగులుతారు, ఆ ముగ్గురూ ఎవరో తన చేతిలో ఉంది.

గుమాస్తా కలం ముంచి కూర్చున్నాడు. రోలండ్ ఎనిమిది పేర్లు చెప్పాడు. నినియన్ పేరు చెప్పలేదు. ఎనిమిదో పేరు దగ్గర ఆగి, ఆగి, కిట్ తాత పేరు చెప్పాడు. ముసలాడు ఇన్నాళ్ళు బతికాడు కదా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు వాడి మొహాన ఉమ్మెయ్యాలనిపిస్తుంది నాకు. కానీ ఆ కుర్చీ ముందు నేను నిలబడలేదు కదా.

చూశారా రాణి తెలివి? లండన్ నుంచి అడుగు కదపలేదు. మా వైపు మనిషి మొహం చూడలేదు. పేర్లు మాచేతే రాయించింది, ఎవరు చావాలో మాచేతే చెప్పించింది. ఆ తర్వాత మాలో ఒకడు ఇంకొకడి కళ్ళలోకి సూటిగా చూడగలిగితేగా, మళ్ళీ తిరగబడ్డానికి?

రోలండ్ ఇంటికొచ్చాడు. "ఏమన్నారయ్యా?" అని సిసిలీ అడిగితే, "చూస్తామన్నారు" అన్నాడు. సోమవారం పొద్దున్నే సిపాయిలొచ్చారు. చర్చి ముందున్న ఓ ముదురు చెట్టు కొమ్మలకి తాళ్ళు వేశారు. ఎనిమిది పేర్లు చదివారు. కానిస్టేబుల్ కాబట్టి రోలండ్ కర్ర పట్టుకుని చెట్టు పక్కనే నిలబడాలి. నిలబడ్డాడు.

కిట్ తాతకి చేతులు కడుతుంటే ముసలాడు ఇంకా తమాషా అనుకుంటున్నాడు. "ఒరే, చాల్లేరా, గొర్రెల్ని వదలాలి" అంటున్నాడు. జనంలోంచి నినియన్ తోసుకుంటూ వచ్చాడు.

"అయ్యా, ఆ ముసలాయన ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళింది నేను. నన్ను కట్టండి."

సిపాయిల నాయకుడు వాడి పేరడిగి, నలభై పేర్ల కాగితం చూశాడు. "నీ పేరూ ఉందిగా ఇందులో. నాకు ఎనిమిది కావాలి, ఎవరైతేనేం" అన్నాడు. కిట్ తాత కట్లు విప్పారు. ముసలాడికి అప్పుడు తెలిసొచ్చి, మంచులో కూలబడి నినియన్ కాళ్ళు పట్టుకున్నాడు. "వద్దురా, నీకేం వయసురా" అని గొల్లుమన్నాడు.

రోలండ్ కర్ర పారేసి వచ్చి నినియన్ చొక్కా పట్టుకున్నాడు. "ఒరే, నీ కోసమేరా ఇదంతా!"

"నా కోసమేనని తెలుసు బావా. కన్నతండ్రి కూడా ఇంత చెయ్యడు." వాడు బావ చేతుల్లోంచి చొక్కా విడిపించుకున్నాడు. "కానీ ఎంత పాపం చేశావు బావా!"

అంతే. ఎనిమిదిమందినీ ఉరి తీసేశారు. అందులో ఆరుగురు ఇంట్లోంచి కదలనివాళ్ళు. తిరుగుబాటుకు వెళ్ళి, ఎకరాలున్న ఎనిమిదిమందీ డబ్బు కట్టి బతికిపోయారు. మొదట పేరు రాయించిన పెర్సివల్ గార్త్ కూడా బతికాడు.

శవాలు దింపకూడదని ఆజ్ఞ. ఆదివారం వాటి కిందుగానే చర్చికి వెళ్ళాం. నవంబరులో లాటిన్ పూజ చేసిన ఫాదరే ఇప్పుడు ఇంగ్లీషులో రాణిగారి దయ గురించి చదివాడు. అందరం మోకాళ్ళ మీద కూర్చుని, దేవుడు రాణిని చల్లగా చూడాలి అన్నాం. కానిస్టేబుల్ ముందు అనాలి. రోలండే ముందు అన్నాడు.

ఇంటికొచ్చాక వాడు పొయ్యి పక్కన కూలబడి, గుమాస్తా దగ్గర జరిగిందంతా చెప్పి, "నన్ను తిట్టవే సిసిలీ. కొట్టు. ఏదో ఒకటి అను" అన్నాడు. వారం రోజులుగా ఆవిడ కంట్లో చుక్క నీరు లేదు.

"ఏమనమంటావు? పదిమంది పేర్లే ఇచ్చుంటే ఇద్దరు పోయేవాళ్ళు, ఒకడు నా తమ్ముడు. వీధిలో పడి పొర్లి పొర్లి ఏడ్చేదాన్ని. ఊరంతా వచ్చి నన్ను పట్టుకునేది. ఇప్పుడు బయటికెళ్ళి ఏడిస్తే ఆ ఆరుగురి తల్లులూ పెళ్ళాలూ నా మొహం చూస్తారు. నా తమ్ముడెలాగూ పోయాడు. వాడి కోసం ఏడిచే మొహం కూడా లేకుండా చేశావు కదయ్యా నాకు."

లేచి తలుపు గడియ పెట్టింది. తలగుడ్డ నోట్లో కుక్కుకుని, బయటికి వినపడకుండా ఏడ్చింది.