మొహమ్మీద అనని మాట

నాకు కుళ్లు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉంది, కావలసినంత ఉంది. కృష్ణపట్నం దారిలోని మా హైస్కూల్లో పదిహేడేళ్లుగా ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతున్న పీఈటీని నేను. నిరుడు నెల్లూరు నుంచి ఒక కుర్ర కోచ్‌ని నాకు తోడుగా కాంట్రాక్టు మీద వేశారు. నన్ను ఎప్పుడూ మేడం అని దూరంగా నిలబడే పిల్లలు, వారం తిరక్కముందే ఆమెను అక్కా అన్నారు. అప్పుడే నా కడుపు మండింది.

అక్కగారి పద్ధతి చూడాలి! ఆట అయ్యాక పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, "ఈరోజు ఏం బాగా ఆడినావో నువ్వే చెప్పు" అని ఒక్కొక్కరినీ అడిగేది. వాళ్లు మెలికలు తిరిగిపోతూ తమ గొప్ప తామే చెప్పుకోవాలి. ఇదేం చోద్యమమ్మా! పిల్లల్ని మొహమ్మీద మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని మా అమ్మ నన్ను ఒక్కనాడూ మెచ్చుకోలేదు. నేను కప్పు గెలుచుకుని ఇంటికొస్తే "కాళ్లు కడుక్కో, అన్నం తిను" అంది. నేనూ అదే నేర్చుకున్నాను. తప్పు చేస్తే తిడతాను, బాగా ఆడితే ఊరుకుంటాను. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టేనని పిల్లలకు తెలియదా అనుకున్నాను.

వాళ్లలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉంది. వాళ్ల నాన్న పోర్టులో లారీ తోలుతాడు. కూతకు వెళ్లిందంటే దాని కాలు ఎటు పడుతుందో పట్టేవాళ్లకు అంతుబట్టదు. కానీ ఒక్కసారి దొరికిపోయిందా, ఇక అంతే. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ కూత గొంతులోనే ఆగిపోతుంది, ఎవర్నీ తాకకుండానే వెనక్కి వచ్చేస్తుంది. "ఏందిమే, దెయ్యాన్ని చూసినట్టు అట్ట బిగుసుకుపోతావు?" అని అరిచేదాన్ని. అరిచేకొద్దీ ఇంకా బిగుసుకునేది. జిల్లా జట్టు ఎంపికలు దగ్గరపడ్డాయి. "ఈ తడవ గూడా రాకపోతే ఆట మాన్పిచ్చేస్తా మేడం" అని వాళ్ల నాన్న స్కూలుకొచ్చి తేల్చి చెప్పి వెళ్లాడు.

ఎంపిక రోజు నెల్లూరులో మొదటి కూతకే దాన్ని పట్టేశారు. మళ్లీ ఆటలోకి వచ్చి కూతకు వెళ్తే మళ్లీ పట్టేశారు. మూడోసారి ఆటలోకి వచ్చాక గీత దగ్గర నిలబడి మావైపు చూసింది. మావైపంటే నావైపు కాదు, నా పక్కనున్నామె వైపు. అబ్బ, ఆ చూపుకు నాకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. ఆ మనిషి అరవలేదు, చెయ్యి ఊపలేదు. తల ఆడించింది, అంతే. పిల్ల కూత అందుకుంది. ఇద్దర్ని తాకి వచ్చింది. మళ్లీ వెళ్లి ముగ్గుర్ని తాకి వచ్చింది. చివర్లో జట్టు పేర్లు చదివారు, అందులో దాని పేరుంది. పరుగెత్తుకొచ్చి ఎవర్ని వాటేసుకుందో వేరే చెప్పాలా? నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాను.

తిరుగు బస్సులో ఆమె ముందు సీట్లో నిద్రపోయింది. పిల్ల నా పక్కన కూర్చుంది. ఉండబట్టలేక అడిగేశాను.

"ఆమె నీ చెవిలో ఏం మంత్రం ఊదిందిమే?"

"మంత్రమేం లేదు మేడం. మీరు నా గురించి ఏమన్నారో చెప్పింది."

"నేనేమన్నా?"

"నా సర్వీసులో ఇట్టాంటి ఆట చూడలా, ఈ పిల్ల ఎప్పటికైనా రాష్ట్రానికి ఆడతాదని అన్నారంట గదా. మొదట నేను నమ్మలా. మీరేంది, నన్ను మెచ్చుకునేదేంది! అక్క ఒట్టేసి చెప్పింది. ఇందాక తల ఆడించింది గూడా ఆ మాట గుర్తుచేసుకోమనే."

అన్నాను. ఆమె వచ్చిన రోజు స్టాఫ్ రూములో ఒక్కో పిల్ల గురించీ అడిగితే, పిల్లలెవరూ దగ్గర లేరన్న ధైర్యంతో అన్నాను. దిష్టి తగలకూడదని లోలోపల తూ తూ అనుకున్నాను కూడా.

ఇప్పుడైనా నోరు తెరిచి ఒక్క మాట అనాలి కదా. నాలుక చివరిదాకా వచ్చింది. "సరేలే, కిటికీ వెయ్యి, గాలి కొడతా ఉండాది" అన్నాను. అది కిటికీ వేసి నా భుజానికి ఆనుకుని నిద్రపోయింది. నేను మాత్రం ముందు సీట్లోని ఆ తలను చూస్తూ దారి పొడుగునా కుళ్లుకున్నాను. మాట నాదే. అది వింటున్నప్పుడు ఈ పిల్ల మొహం ఎలా ఉందో చూసింది మాత్రం ఆమె.