జోజమ్మ చెప్పిన నెల

తిరువూరు ఆసుపత్రిలో నర్సు జోజమ్మ స్థిమితంగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. నెలలు నిండని బిడ్డ పుడితే మరీను. చేతిగడియారానికి కీ ఇచ్చుకుంటూ, బిడ్డ మీదికి వంగి ఊపిరులు లెక్కపెడుతూ, మంచం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. కణాల్లోని కొన్ని ప్రోటీన్లు జన్యువులను మేల్కొలిపితేనే ఊపిరితిత్తులు పక్వానికొస్తాయనీ, కడుపులో ఎన్నాళ్లుంటే బిడ్డకు అంత బలమనీ డాక్టరుగారు చెప్పింది ఆమెకు కంఠస్థం.

ఆ మధ్యాహ్నం వెంకాయమ్మ అప్పుడే పుట్టిన మనవణ్ణి చూసి మొహం తిప్పుకుంది.

"ఎనిమిదో నెల బిడ్డ దక్కడు నర్సమ్మా. ఏడో నెలైనా బతికేవాడు. ఇంటికి తీసుకుపోతాం."

డాక్టరుగారి మాట చెప్పబోయి జోజమ్మ ఆగింది.

"ఏడో నెలేనండీ అమ్మగారూ. మీరే లెక్క తప్పారు."

వెంకాయమ్మ గబుక్కున బిడ్డను గుండెలకు పొదువుకుంది. మెడలోని సిలువ మీదికి వెళ్లిన చేతిని జోజమ్మ వెనక్కి తీసుకుంది. అబద్ధానికి క్షమాపణ తర్వాత అడగొచ్చు. ముందు ఊపిరులు లెక్కపెట్టాలి.