దాపల అంటే దా అనుకున్న ట్రాక్టరు

మొన్న మధ్యాహ్నం అన్నం తిని అలా నడుం వాల్చానో లేదో ఫోను మోగింది. మా అన్న కొడుకు. ఉద్యోగం నుంచి దిగిపోయి, సూళ్లూరుపేట దగ్గర మూడెకరాలు కొనుక్కుని, ఈ మధ్యనే రైతయ్యాడు. ఏ చిన్న అనుమానం వచ్చినా నాకే ఫోను చేస్తాడు, నేనేదో పుట్టగానే నాగలి పట్టినదాన్నయినట్టు. ఆ రోజు నాలుగు చిన్న ట్రాక్టర్ల ఫొటోలు పంపి, ఇందులో ఏది తీసుకోమంటావత్తా అని అడిగాడు. బతుకంతా పిల్లలకు ఎక్కాలు చెప్పుకున్న పంతులమ్మని పట్టుకుని ట్రాక్టరు ఎంచమంటే నవ్వు రాదూ! నవ్వుతూనే లేచి కూచున్నాను. ఎందుకంటే, ఒక చిన్న ట్రాక్టరును ఎంచడం నేను దగ్గరుండి చూశాను. చూడటమేమిటి, ఆ ఎంపిక నడుమ ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

అరవైల చివరి మాట. ముత్తుకూరు అవతల, సముద్రం హోరు వినబడే ఒక పల్లెలో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. మా నాయనకు అన్న, అంటే మా పెదనాయన, ఆ ఊళ్ళోనే ఉండేవాడు. పెళ్ళి కాని పిల్ల ఒక్కతే ఎక్కడుంటుందని నన్ను ఆయన ఇంట్లో దించిపోయారు. పెదనాయనకు ఉన్నది ఐదెకరాలు. ఐదెకరాలే గానీ చాకిరీ మాత్రం యాభై ఎకరాలంత. కాలవ పక్క రెండెకరాలు బురద మళ్ళు, కాలు పెడితే మోకాలి దాకా దిగేది. దానికి ఇవతల ఎకరన్నర మెరక, అందులో నిమ్మచెట్లు. పక్కన ఇసక చేలో వేరుశెనగ. చివరి ముక్క సవుడు తేలి, సరుగుడు చెట్లకు తప్ప దేనికీ లొంగేది కాదు. ఒక చోట నీళ్ళు ఎక్కువై తీయాలి, ఇంకో చోట చాలక మోయాలి. ఈ నేలకు ఉన్నన్ని పేచీలు నా బడిలో ఉన్న అరవై మంది పిల్లలకూ కలిపి లేవని అనేదాన్ని. పెదనాయన కోప్పడేవాడు కాదు. ఆయన సొంత పిల్లలు లేని మనిషి. పేచీ పెట్టేదొకటి ఇంట్లో ఉంటే బాగుండునని అనుకునేవాడేమో.

నిమ్మచెట్లు మాత్రం పెద్దమ్మవి. పొలమంతా ఆయన పేరుతో ఉన్నా ఆ చెట్లు ఆమెవని ఊరందరికీ తెలుసు. గూడూరు వైపు పుట్టింటి నుంచి తడి గోనెలో చుట్టి మొక్కలు తెచ్చుకుని, ఆ ఉప్పు గాలిలో బతకవని అందరూ చెప్పినా వినకుండా నాటింది. తీపి నీళ్ళ బావి దూరం. చంకన ఒక బిందె, చేతిలో ఒక చెంబు పెట్టుకుని నాలుగేళ్ళు మోసింది. ఆమె చెట్లు బాగా దగ్గర దగ్గరగా ఉండేవి. ఇంత ఇరుకుగా ఎందుకు నాటావని ఒకసారి అడిగితే, బిందె మోసేవాళ్ళకు అడుగులు తగ్గాలి గదమే అంది. వ్యవసాయ పుస్తకాల్లో ఈ లెక్క ఉండదు. మొత్తం మూడు వరసలు. కొమ్మలు పెరిగి, ముళ్ళు బయటికి సాగి, వరసకూ వరసకూ మధ్య జోడెద్దులు ఒద్దికగా నడిచే సందు మిగిలింది. రోడ్డు నుంచి బురద మళ్ళకు పోవాలంటే ఆ సందే దారి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పరాయి వాళ్ళ గట్టు.

ఎద్దులున్నంత కాలం చిక్కు లేదు. జతలో ఎడమ పక్కన నడిచేదాన్ని దాపలెద్దు అనీ, కుడి పక్కన నడిచేదాన్ని వలపలెద్దు అనీ మా వైపు అంటారు. పెదనాయనకు ఆ రెండు మాటలు నాలుక మీదే ఉండేవి. ఆయన లోకంలో ఎడమ, కుడి అనేవి లేవు. పంచాంగం ఎక్కడుంది పెదనాయనా అంటే, బీరువాకు దాపల చూడమనేవాడు. ముందటేడు వానల్లో వలపలెద్దు పోయింది. కొత్తవి రెండు తెచ్చి చూశాడు. మిగిలిన దాపలెద్దు ఒక్కదాని పక్కన కూడా కాడికి మెడ పెట్టలేదు. పెదనాయన మోకాళ్ళు కూడా అప్పటికే మొరాయిస్తున్నాయి. ఇక ట్రాక్టరు తప్పదన్నారు.

అప్పుడు దిగాడు మా కోవూరు మామ. పెదనాయన చెల్లెలి భర్త. అక్కడ ఆయనకు పెద్ద ట్రాక్టరు ఉంది, దాని మీద అంతకన్నా పెద్ద అభిప్రాయాలు ఉన్నాయి. నిమ్మతోట చుట్టూ ఒకసారి తిరిగి, గడప మీద కూచుని, మజ్జిగ తాగి మరీ తీర్పు చెప్పాడు.

"నడిమి వరస కొట్టేయ్ బావా. బండి సుఖంగా పోతాది. నిమ్మకాయలేంది, బజార్లో దొరకవా?"

పెద్దమ్మ లోపల అన్నం వారుస్తోంది. గంజి గిన్నె కింద పెట్టిన చప్పుడు నాకు వినబడింది, అంతే. పెదనాయన సరే అనలేదు, కాదనలేదు. దారి లేకుండా సేద్యం ఎట్టా చేసేదని గొణుక్కున్నాడు. మర్నాటి నుంచి మా ఇంట్లో వంట మారింది. పొద్దున నిమ్మకాయ పులిహోర. మధ్యాహ్నం పప్పులో నిమ్మకాయ పిండేది. మజ్జిగలో నిమ్మాకు, పక్కన ఊరగాయ. దాహం అంటే నిమ్మకాయ నీళ్ళు. వారం రోజులకు నా పళ్ళు పులిసిపోయి బడిలో పాఠం చెప్పలేకపోయాను. పెదనాయన కళ్ళు చిట్లించుకుని తినేవాడే గానీ ఒక్క మాట అనలేదు. అనడానికి మొహం ఎక్కడిది?

ఆదివారం తలంటుకుని వచ్చి దువ్వెన కోసం వాళ్ళ గదిలోకి పోతే, పెద్దమ్మ ట్రంకుపెట్టె తెరిచి చీరలు సర్దుతోంది. ఎండకు వేయడానికేమో అనుకున్నాను. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆ వరస మీద గొడ్డలి పడిన నాడు నేనీ ఇంట్లో ఉండను మే. గూడూరు బస్సెక్కుతా. ఆయనకు చెప్పలా. నీకే చెప్తుండా."

ఆమె ఉత్తుత్తి మాటలు మాట్లాడే మనిషి కాదు. వెళ్ళి పెదనాయనకు చెప్పేస్తే బెదిరించినట్టవుతుంది, చెప్పకపోతే కాపురం మునుగుతుంది. ఏం చేయాలో తోచక, మా హెడ్మాస్టరు గారు ఇంటికి తీసుకుపోయిన పాత పేపర్లన్నీ అడిగి తెచ్చి తిరగేశాను. ఒకదాంట్లో చిన్న ట్రాక్టరు బొమ్మ కనబడింది. తోటలకూ చిన్న కమతాలకూ పనికొస్తుందని రాశారు. ఆ కాగితం చింపి పెదనాయన కంచం పక్కన, ఊరగాయ జాడీకి ఆనించి పెట్టాను. ఆయన చదివి, మడిచి, రొంటిన దోపుకున్నాడు. నా బతుకులో నేను చేసిన సేద్యం అంతే.

పది రోజుల తర్వాత నెల్లూరు నుంచి లారీలో ఆ చిన్న ట్రాక్టరును చూపించడానికి తెచ్చారు. తోలి చూపించే మనిషి మద్రాసు వైపు వాడు. తెలుగు కొంచెం కొంచెం వస్తుందని నవ్వుతూ చెప్పాడు. పెదనాయన దాన్ని ఎద్దును చూసినట్టే చూశాడు. చుట్టూ రెండుసార్లు తిరిగాడు, వెనక చక్రం తట్టాడు, వంగి కడుపు కింద చూశాడు. సుడులు వెతుకుతున్నాడని నేను పెద్దమ్మ చెవిలో అంటే ఆమె నవ్వలేదు. కోవూరు మామ మాత్రం గట్టిగా నవ్వి, ఇది ఎద్దు కాదు బావా, పాలు మరవని దూడ, బురదలో దిగితే తల్లి కోసం అరుస్తాది అన్నాడు. పెద్దమ్మ కొంగు చాటు నుంచి ముడి వేసిన నులక తాడు తీసింది. పొద్దున్నే నిమ్మ సందు కొలిచి ముడి వేసుకొచ్చింది. ట్రాక్టరు వెడల్పుకు పట్టి చూస్తే జానెడు మిగిలింది. ఆ జానెడూ రెండు పక్కలా కలిపి. తోలేవాడు దేవుడైతే పోతాదిలే అన్నాడు మామ. పెదనాయన చాలాసేపు ఆలోచించి, ముందు రోడ్డు పక్క ఇసక చేలో దున్ని చూపించమన్నాడు. అక్కడ లాగితే అప్పుడు మిగతా మాట. చెట్లలోకి పోనివ్వొద్దని మాకు గట్టిగా చెప్పి, మళ్ళలో తడి ఎంతుందో చూడటానికి తానొక్కడే నిమ్మ సందులో నుంచి ఆ చివరికి నడిచి పోయాడు.

ఇసక చేనుకు పోవాలంటే తోట మొదట్లో ఎడమకు తిరగాలి. ట్రాక్టరు డుబుడుబుమంటూ కదిలింది. తోట మొదటికి వచ్చి, ఎటు అన్నట్టు ఆగింది. ఆ చివర నుంచి పెదనాయన తువ్వాలు ఊపుతూ, బతుకంతా అరిచినట్టే అరిచాడు.

"దాపల! దాపల!"

ఆ మద్రాసు మనిషికి దాపల తెలియదు. ఇంజను మోతలో అతనికి వినబడింది 'దా' ఒక్కటే. దా అంటే రమ్మనడమని అతనికి తెలుసు. ఎదురుగా పెద్దాయన తువ్వాలు ఊపి మరీ రమ్మంటున్నాడు. వచ్చేశాడు. నేరుగా, నిమ్మచెట్ల మధ్యకు.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. పెదనాయన ఇంకా గట్టిగా దాపల, దాపల అని అరుస్తున్నాడు. అతను ఇంకా హుషారుగా వస్తున్నాడు. ట్రాక్టరు కనబడటం మానేసింది. ఆకులు కదలడం, పొగ, ఆ మోత. కొమ్మ విరిగిన చప్పుడు కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాను. ఎంతసేపు పట్టిందో తెలీదు, నాకైతే ఒక పీరియడంత అనిపించింది. ఆ చివర ట్రాక్టరు బయటపడింది. అది ఆగలేదు, గట్టు దిగి బురదలోకి పోయింది. అందరం చెట్ల నడుమ నుంచి పరిగెత్తి వెళ్ళేసరికి తేలిగ్గా మడి చుట్టూ తిరుగుతోంది. కోవూరులో మామ బండి దిగబడితే నాలుగు జతల ఎద్దులు లాగాయని మా అందరికీ తెలుసు.

పెద్దమ్మ మాత్రం మడి వైపు చూడలేదు. వెనక్కు తిరిగి, వరస మొదటి నుంచీ ఒక్కో చెట్టు కొమ్మలు చేత్తో తడుముకుంటూ నడిచింది. అన్నీ అయ్యాక రాలిన రెండు కాయలు కొంగులో వేసుకుని పెదనాయన ముందుకు వచ్చి నిలబడింది. మామ తీర్పు చెప్పిన నాటి నుంచి ఆయనతో మాటలు మానేసిన మనిషి, అప్పుడు నేరుగా మాట్లాడింది.

"ఒక్క కొమ్మ విరగలా."

"నేను దాపల అంటి," అన్నాడు పెదనాయన. "ఆయన దా అనుకున్నాడు. కొట్టమని ఎవరికీ చెప్పలేదు మే నేను. చెప్పేవాణ్ణి కూడా కాదు."

చెప్పేవాడో కాదో నాకు ఈరోజుకీ తెలియదు. చెప్పాల్సిన అవసరం రాలేదు, అదే మా అదృష్టం. ఆ సాయంత్రం పెద్దమ్మ ట్రంకుపెట్టెలో చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. నేను అడక్కుండానే, పురుగు పడతాదేమోనని తీసినాలే అంది. రాత్రి అన్నంలోకి చింతపండు పులుసు పెట్టింది. ఇద్దరం, పెదనాయనా నేనూ, వంకాయ ముక్క కూడా వదలకుండా తిన్నాం. వారం తిరక్కుండా ఆ ట్రాక్టరు మా ఇంటికి వచ్చి, కొట్టంలో దాపలెద్దు పక్కన, ఖాళీగా ఉన్న గాటికి చేరింది. దాన్ని పెదనాయన ట్రాక్టరు అని ఎన్నడూ అనలేదు. వలపలిది అనేవాడు. ముసలి దాపలెద్దు కూడా దాన్ని ఏమీ అనలేదు. పొద్దున బయటికి తీసేటప్పుడు మోతకు చెవులు ఆడించి ఊరుకునేది. కోవూరు మామ వచ్చినప్పుడల్లా నిమ్మకాయ నీళ్ళు ఇచ్చేవాళ్ళం. తాగేవాడు పాపం.

ఇదంతా మా అన్న కొడుక్కి ఫోనులో చెప్పలేదు. ఇంత ఓపికగా వినే కాలమా ఇది? నాలుగు బొమ్మలూ మళ్ళీ చూసి, నీ పొలంలో నీ భార్య నాటిన చెట్లేమైనా ఉన్నాయా అని అడిగాను. సపోటాలున్నాయత్తా, రోజూ పోయి చూసుకుంటుంది అన్నాడు. అయితే బొమ్మలు నాకు కాదురా, ఒక తాడు తీసుకుని ముందు ఆమె దగ్గరికి పో అన్నాను. ఫోను పెట్టేశాక చూసుకుంటే, నా కుడి చెయ్యి ఎడమ మణికట్టును పట్టుకుని ఉంది, పెద్దమ్మ గోళ్ళు దిగిన చోటనే. యాభై ఏళ్ళు దాటిపోయినా ఆ ట్రాక్టరు చెట్లలోకి దిగిన ప్రతిసారీ నాకు గుండె ఆగుతుంది, బయటపడిన ప్రతిసారీ హమ్మయ్య అనిపిస్తుంది.