లక్ష్మీపతి గారి బంగారు యాత్ర

శాన్ రామన్‌లో లక్ష్మీపతి మాట ఆఫీసులో వినేవాళ్ళు ముగ్గురు. వాళ్ళలోనూ ఇద్దరు మీటింగ్‌లో మ్యూట్‌లో ఉంటారు. శనాదివారాలు వస్తే మాత్రం అరడజను కార్లు ఆయన వెనకే బారులు తీరాలి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తినాలో, ఏ కొండ చూసి ఎంతసేపు నోరు తెరవాలో ఆయనే శాసిస్తాడు. ఈ పదవికి ఇప్పుడు గండం వచ్చిపడింది. చాండ్లర్ నుంచి కొత్తగా దిగిన శశికాంత్ టాహో సరస్సులో బోటు బుక్ చేస్తానంటూ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు గుప్పిస్తున్నాడు. పడుచు జంటలు అటే మొగ్గుతున్నాయి. ఈసారి ట్రిప్పు తుస్సుమంటే లక్ష్మీపతి ఏలుబడి ముగిసినట్టే.

అక్షయ తృతీయ ఆదివారం పడింది. "షాపులో కొనేదేమిటండీ, పుట్టినచోటే పట్టుకొద్దాం" అని కార్లన్నిటినీ సియెర్రా కొండల్లోని పాత బంగారు గనికి తోలుకెళ్ళాడు.

గని అంటే సొరంగం కాదు, కొండను నీళ్ళతో కడిగేసిన గుంట. ఎక్కడో పైనున్న చెరువుల నుంచి కాలువలు తవ్వి, ఆ నీటిని లావు గొట్టాల్లోంచి సన్న మూతిలోకి దూర్చి, ఫిరంగిలా కొండ మీదికి కొట్టేవారు. కొండ బురదై చెక్క తొట్లలో పారితే, బరువైన బంగారం అడుగున చిక్కేది. మిగిలిన కొండంతా దిగువ రైతుల పొలాల్లోకి పోయేది. రైతులు కోర్టుకెక్కి ఆ పని ఆపించేసరికి గని వాటాదార్ల మేడలకి రంగులు కూడా వేయడం అయిపోయింది. ఆ పుండుకి ఇప్పుడు పార్కని పేరు, పార్కింగుకి టికెట్టు.

తుప్పుపట్టిన నీటి ఫిరంగి పక్కన నిలబడి లక్ష్మీపతి నీటి ప్రెషర్ గురించీ గొట్టాల కొలతల గురించీ గంటసేపు ఉపన్యసించాడు. జనం నీడ వెతుక్కున్నారు.

"హిస్టరీ మస్తుగుందన్నా" అన్నాడు శశికాంత్. "గోల్డ్ ఏది మరి?"

"వాగులో. చేత్తో గాలించుకోవచ్చని బోర్డు ఉంది, చదువుకో."

వాగులో మగాళ్ళు ఆన్‌లైన్‌లో కొన్న ప్లాస్టిక్ పళ్ళాలు తిప్పారు. ప్యాంట్లు తడిశాయి, అంతే.

"డెమో ఫెయిలైనట్టుంది" అన్నాడు శశికాంత్ నెమ్మదిగా.

లక్ష్మీపతి కార్ల దగ్గర భోజనాలు సర్దుతున్న భార్యను కేకేశాడు. "ఉమా, చిన్నప్పుడు బియ్యం గాలించేదానివి కదా, ఓసారి ఇలా రా."

ఉమామహేశ్వరి రెండు స్టీలు గిన్నెలతో దిగింది. ఒకదాంట్లో ఇసుక పోసి నీళ్ళలో అలా అలా ఊపుతూ, పైకి తేలిన ఇసుకను రెండో దాంట్లోకి వంచసాగింది. ఆ చేతి వాటం చూసి అందరూ చుట్టూ మూగారు. చివరికి అడుగున చారెడు నల్ల ఇసుక, అందులో ఆవగింజంత పసుపు మెరుపు.

"అక్కా, అదేంటి, మెరుస్తోంది" అంది శశికాంత్ భార్య శ్రీవిద్య.

లక్ష్మీపతి గొంతు సవరించుకున్నాడు. ప్రసంగానికి మొదటి మాట నాలుక మీదికొచ్చింది కూడా. ఈలోగా ఉమామహేశ్వరి మణికట్టు ఒక్క విసురు విసిరి ఆ అడుగుదంతా వాగులో పారబోసింది. రెండో గిన్నె మొగుడి చేతికిచ్చింది.

"ఇదిగోండి. ఒక్క రాయి లేదు."

"అడుగుది పారబోశావేమిటే!"

"అడుగున ఉండేవి రాళ్ళేగా? మా అమ్మ నేర్పింది అదే. బంగారం అడుగునుంటుందని మీరు చెప్పారా? గొట్టం లావెంతో చెప్పారు."

శ్రీవిద్య నవ్వాపుకోలేక నీళ్ళలోనే కూలబడింది. ఆ తర్వాత ఆడవాళ్ళంతా గిన్నెలు ఖాళీ చేసుకుని, నాకు నేర్పండంటే నాకు నేర్పండంటూ దిగారు. పొద్దువాలేదాకా ఎవరూ కదల్లేదు. మరో రవ్వ దొరకలేదు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

కారెక్కబోతుంటే శ్రీవిద్య అడిగింది. "మళ్ళీ ఎప్పుడక్కా?"

"మరి టాహో?" అన్నాడు శశికాంత్.

"నువ్వెళ్ళు" అంది శ్రీవిద్య.

లక్ష్మీపతి మొహం వెలిగిపోయింది. "మే చివర్న మెమోరియల్ డే సెలవులకి పెట్టుకుందాం. నేను లీడ్ చేస్తాను."

"జూన్‌లో చూద్దాం, కొండల మీది మంచు కరిగిపోయి వాగులో నీళ్ళు తగ్గాక" అంది ఉమామహేశ్వరి శ్రీవిద్యతో. ఆ తర్వాత మొగుడికి కారు తాళాలందించింది. "మీరు డ్రైవ్ చేయండి చాలు."